నాటకానికి సెట్: గ్రౌండ్ ప్లాన్ నుంచి ఆఖరి మరక దాకా

సెట్ వేదిక మీదికి ఎక్కి, లైట్లు పడి, నటులు తొలిసారి అందులో తిరిగే రోజున బయటపడే లోపాలు ఏ బృందానికైనా ఇంచుమించు అవే. తలుపు గట్టిగా వేస్తే గోడంతా ఊగుతుంది. కుడి చివరి కుర్చీలో ఉన్నవాళ్లకు వింగ్‌లో, అంటే వేదిక పక్కన చాటుగా ఉండే చోట, నిలబడ్డ నటుడు కనిపిస్తాడు. మెట్ల మీద ప్రతిసారీ ఒకేచోట అడుగు తడబడుతుంది. నీలం వేసిన గోడ లైట్ల కింద మసిబారిన బూడిదరంగులోకి దిగిపోతుంది. ఆ రోజు వడ్రంగినో పెయింటర్‌నో తప్పుపట్టడం సులువు. కానీ వీటిలో చాలావరకు చెక్క కోయకముందే, కాగితం మీద పుట్టిన తప్పులు. కాగితం మీద రబ్బరుతో పోయేదాన్ని వేదిక మీద సరిచేయాలంటే ఒక రాత్రంతా పని పడుతుంది, కొత్త ప్లైవుడ్ తెప్పించాల్సి వస్తుంది. సెట్ పనిలో ఓపిక ఎక్కువ అవసరమయ్యేది మొదట్లోనే.

స్క్రిప్టు, హాలు, టేపు

డిజైనర్ స్క్రిప్టును మొదటిసారి కథ కోసం చదవవచ్చు. రెండోసారి పెన్సిల్ చేతిలో ఉండాలి. ఎవరు ఎటునుంచి వస్తారు, ఎటు పోతారు, ఎవరు ఎవరి కంట పడకూడదు, ఏ వస్తువు పగలాలి, ఎవరు దేనిమీద ఎక్కుతారు, రంగానికీ రంగానికీ మధ్య ఎన్ని సెకన్లు దొరుకుతాయి: ఇవన్నీ రంగాలవారీగా పట్టిక వేస్తే నాటకం నడవడానికి తప్పనిసరైనవేవో, వర్ణనగా రాసినవేవో విడిపోతాయి. ముద్రిత నాటకాల్లోని రంగ సూచనలు చాలాసార్లు తొలి ప్రదర్శన జరిగిన వేదికను బట్టి రాసినవే. ‘కుడివైపు కిటికీ’ అని ఉన్నంత మాత్రాన కిటికీ కుడివైపే ఉండనక్కర్లేదు. అదే రెండో అంకంలో ఒక పాత్ర చాటున నిలబడి మిగతా ఇద్దరి మాటలు వినాల్సి ఉంటే, ఆ చాటు ప్రేక్షకులకు కనిపిస్తూ ఆ ఇద్దరికి కనిపించని చోట ఉండి తీరాలి. గది ఆకారాన్ని నిర్ణయించేవి ఇలాంటి అవసరాలే.

తరువాత హాలు కొలవాలి. యాజమాన్యం ఇచ్చిన డ్రాయింగ్ ఉన్నా టేపుతో కొలవాల్సిందే. మరమ్మతులు, కొత్తగా వేసిన నేల, తరవాత బిగించిన స్పీకర్లు పాత డ్రాయింగ్‌లో ఉండవు. వేదిక ముఖద్వారం (ప్రేక్షకులు వేదికను చూసే చట్రం) వెడల్పు, ఎత్తు, వేదిక లోతు, రెండు వింగ్‌ల వెడల్పు, లైట్లు, తెరలు కట్టడానికి పైన వేలాడే ప్రతి బార్ ముందు నుంచి ఎంత దూరంలో ఉంది, నేల చదునుగా ఉందా వాలుందా, నేలలో స్క్రూ దింపవచ్చా లేదా, ప్లగ్ పాయింట్లు ఎక్కడున్నాయి, ఇవన్నీ రాసుకోవాలి. అందరూ మరిచిపోయే కొలత ఒకటుంది: వీధి నుంచి వేదిక దాకా సెట్ దాటాల్సిన అతి ఇరుకైన చోటు. 12 అడుగుల ఫ్లాట్, అంటే గోడగా నిలబెట్టే చట్రం, 7 అడుగుల తలుపులోంచి పక్కకు తిప్పితే వచ్చేస్తుంది. ఆ తలుపు దాటగానే 5 అడుగుల నడవా, దాని చివర మలుపు ఉంటే ఆగిపోతుంది.

అన్ని కొలతలనూ రెండు గీతల నుంచే తీయాలి: వేదిక సరిగ్గా మధ్యలో ముందు నుంచి వెనక్కి పోయే మధ్యరేఖ, ముఖద్వారం వెనుక అంచులను కలిపే అడ్డగీత. కిటికీని తలుపు నుంచి, తలుపును మూల నుంచి, మూలను మెట్ల నుంచి కొలుచుకుంటూ పోతే ప్రతి కొలతలోనూ అరంగుళం తేడా పోగుపడి, చివరి ఫ్లాట్ దగ్గర మూడంగుళాల సందు మిగులుతుంది. ఆ రెండు గీతల నుంచి కొలిస్తే ఒక చోట జరిగిన పొరపాటు అక్కడే ఆగుతుంది.

గ్రౌండ్ ప్లాన్‌కు, అంటే సెట్‌ను పైనుంచి చూసినట్టు గీసే పటానికి, 1:25 స్కేలు అనుకూలం. ఒక మీటరు 4 సెంటీమీటర్లవుతుంది. అడుగుల్లో పనిచేసేవాళ్లు అడుగుకు అరంగుళం తీసుకుంటారు, అంటే 1:24. ప్లాన్ తేలగానే అదే స్కేలులో తెల్ల అట్టతో నమూనా చేయాలి, రంగులేమీ లేకుండా. అందులో అట్టతో కత్తిరించిన మనిషి బొమ్మ తప్పనిసరి: 1:25లో ఆరడుగుల మనిషి సుమారు 7.3 సెంటీమీటర్లు. బొమ్మ లేని నమూనాలో 14 అడుగుల గోడ కూడా ఇంపుగానే కనిపిస్తుంది. దాని ముందు మనిషి నిలబడితే ఎంత చిన్నబోతాడో అప్పుడే తెలుస్తుంది.

ఎవరికి ఏం కనిపిస్తుంది

ప్లాన్ మీద మొదట వేయాల్సినవి చూపు రేఖలు. ముందు వరుసలో రెండు చివరి కుర్చీల నుంచి, వెనక వరుసలో రెండు చివరి కుర్చీల నుంచి ముఖద్వారం అంచులను తాకుతూ గీతలు గీస్తే రెండు సంగతులు తెలుస్తాయి: అందరికీ కనిపించే ప్రాంతం ఏది, వింగ్‌లో ఎంత లోపలి దాకా కంటికి దొరుకుతుంది. ముఖ్యమైన ఘట్టాలు అందరికీ కనిపించే ప్రాంతంలోనే జరగాలి. సైడ్ వింగ్ తెరలు రెండోదాన్ని మూయాలి. ఇదంతా నిలువు కోతలో, అంటే హాలును పక్క నుంచి చూపే డ్రాయింగ్‌లో, మళ్లీ చేయాలి. ముందు వరుసవాళ్లు తల ఎత్తి చూస్తారు కాబట్టి పైనున్న లైట్లు, బార్లు వాళ్లకే కనిపిస్తాయి. పైన అడ్డంగా కట్టే తెర ఎంత కిందికి దిగాలో నిర్ణయించేది వాళ్ల చూపే. బాల్కనీ కింద చివరి వరుసలో ఉన్నవాళ్లకు బాల్కనీ అంచు అడ్డొచ్చి వెనక గోడ పైభాగం తెగిపోతుంది. 5 అడుగుల ఎత్తు ప్లాట్‌ఫాం మీద వేదిక వెనుకవైపు నిలబడ్డ నటుడికి వాళ్ల దృష్టిలో తల ఉండదు.

పక్కగోడలను ముఖద్వారానికి లంబంగా పెట్టకూడదు. ప్రేక్షకుల వైపు కొంచెం విచ్చుకునేలా తిప్పితే రెండు గోడలూ కనిపిస్తాయి, వాటి మీది తలుపులూ కనిపిస్తాయి, గొంతు కూడా లోపలే తిరక్కుండా హాలులోకి వస్తుంది. తలుపు విషయంలో పాత పద్ధతే ఇప్పటికీ మేలైనది: తలుపు రెక్క గది బయటికి తెరుచుకోవాలి, బందులు వేదిక వెనుకవైపు ఉండాలి. అప్పుడు తలుపు తెరిచిన క్షణానే నటుడి ముఖం కనిపిస్తుంది, తెరిచి వదిలేసిన రెక్క గది వెలుపలి దృశ్యాన్ని కొంత మూస్తుంది. బందులు ముందువైపు పెడితే నటుడు రెక్క చాటు నుంచి పక్కకు జరిగి రావాల్సి వస్తుంది. ఆ ప్రవేశంలో బలం ఉండదు.

నిజమైన గది కొలతలనే వేదిక మీద దించితే ఇరుకుగా కనిపిస్తుంది. గది వెడల్పును కనీసం పావు వంతు పెంచి, సామాన్లు మాత్రం కాస్త చిన్నవే ఎంచుకోవడం మంచిది. సామాన్ల మధ్య 3 అడుగుల దారి వదలాలి. ఘేరు ఎక్కువున్న దుస్తులుంటే ఇంకా ఎక్కువ. ఇంట్లోలా సోఫాను గోడకు ఆనించకూడదు. ముందు నుంచి పడే లైటు నటుడి నీడను వెనక గోడ మీదికి విసురుతుంది; నటన జరిగే చోటుకూ వెనక గోడకూ మధ్య నాలుగైదు అడుగులు ఉంటే ఆ నీడ నేల మీదే పడి కనుమరుగవుతుంది. సెట్ వెనక నటులు అటునుంచి ఇటు దాటడానికి మూడడుగుల దారి, వెనక తెరను వెలిగించే లైట్లకు విడిగా చోటు వదలడం కూడా ఇప్పుడే తేలాలి. గదికి పైకప్పు కావాలని డిజైనర్ అనుకుంటే లైటింగ్ డిజైనర్‌తో మాట్లాడాల్సిన రోజు కూడా ఇదే. పైకప్పు వేస్తే పైనుంచి పడాల్సిన వెలుతురు సగం పోతుంది.

దూరాన్ని భ్రమగా చూపాలనుకునేవాళ్లకు పాత హెచ్చరిక ఒకటి ఉంది. 1545లో ఇటలీ వాస్తుశిల్పి సెబాస్టియానో సెర్లియో అచ్చువేయించిన రంగస్థల పటాల్లో వీధి ఇళ్లు వెనక్కి పోయేకొద్దీ చిన్నవవుతూ, నేల పైకి వాలుతూ ఉంటుంది. కంటికి అద్భుతమే. కానీ నటుడు వెనక ఇళ్ల దగ్గరికి వెళితే రెండో అంతస్తు కిటికీ అతని భుజం దగ్గర ఉంటుంది. ఇలాంటి దృశ్యం వేసినప్పుడు నటులు ఎక్కడ ఆగిపోవాలో ప్లాన్ మీదే గీత గీసి దర్శకుడికి ఇవ్వాలి.

ప్లాన్ ఖాయమైన మరునాడే రిహార్సల్ గది నేల మీద రంగు టేపుతో అసలు కొలతల్లో దాన్ని పరచాలి. గోడలకు ఒక రంగు, ప్లాట్‌ఫాంలకు ఇంకొకటి, తలుపు తెరుచుకునే దిక్కుకు వంపు గీత. నటుల కాళ్లకు ఆ దూరాలు అలవాటయ్యాక తలుపును రెండడుగులు జరిపితే నష్టం సెట్‌కన్నా నటనకే ఎక్కువ.

ఫ్లాట్లు

గోడగా కనిపించేది ఫ్లాట్. ఇందులో రెండు రకాలు: చెక్క చట్రానికి ముతక గుడ్డ బిగించినది, చట్రానికి 4 లేదా 6 మిల్లీమీటర్ల ప్లైవుడ్ కొట్టినది. గుడ్డది తేలిక, మోయడం సులభం, కానీ తట్టితే గుడ్డని తెలిసిపోతుంది. ప్లైవుడ్‌ది నటుడు ఆనుకున్నా చలించదు. 4×8 అడుగుల 6 మిల్లీమీటర్ల షీటు ఒక్కటే 10 కిలోలు దాటుతుంది, చట్రం బరువు అదనం. చాలా ప్రదర్శనలకు సరైన పద్ధతి రెండూ కలపడం: చేయి తగిలే చోట, తలుపుల చుట్టూ ప్లైవుడ్, ఎత్తులో, వెనకాల గుడ్డ.

గుడ్డ ఫ్లాట్ వెడల్పు 4 అడుగులు, ఎత్తు 10 అడుగులు అనుకుందాం. ఒక అంగుళం మందం, 3 అంగుళాల వెడల్పు ఉన్న నేరైన కర్ర తీసుకోవాలి. కింద, పైన అడ్డకర్రలు పూర్తి 4 అడుగులు. నిలువు కర్రలు 9 అడుగుల 6 అంగుళాలు, అంటే ఎత్తులోంచి రెండు అడ్డకర్రల వెడల్పు తీసేయగా మిగిలినది. అడ్డకర్రే కింద పూర్తి పొడవున ఉండటానికి కారణముంది: ఫ్లాట్‌ను నేల మీద ఈడ్చినప్పుడు నిలువు కర్ర కొస నేలకు తగిలితే చీలిపోతుంది. మధ్యలో 3 అడుగుల 6 అంగుళాల అడ్డకర్రలు, వాటి మధ్య ఎడం 4 నుంచి 5 అడుగులు మించకుండా. పైన, కింద ఒకే నిలువు కర్ర వైపు, మూలకు ఏటవాలుగా వేసే మూలకర్రలు రెండు. కోసేముందు ఒక ముక్కను కొలిచి చూడాలి. 3 అంగుళాలని తెచ్చిన కర్ర చిత్రిక పట్టాక పావు అంగుళం తగ్గి ఉంటుంది, అప్పుడు పై లెక్కలన్నీ మారతాయి.

మూలలను 6 మిల్లీమీటర్ల ప్లైవుడ్ త్రికోణాలతో కలపాలి. భుజం 10 అంగుళాలుంటే చాలు. త్రికోణం పైపొర ఈనె (చెక్కలోని నార గీత) రెండు కర్రల అతుకుకు అడ్డంగా పోవాలి. అతుకు వెంబడే పోతే ఆ గీత మీదే విరుగుతుంది. బయటి అంచు నుంచి ఒక అంగుళం లోపలికి జరిపి బిగిస్తే రెండు ఫ్లాట్లను మూలలో కలిపినప్పుడు త్రికోణం అడ్డురాదు. బిగించే ముందు ఎదురెదురు మూలల మధ్య కొలతలు రెండూ సమానంగా ఉన్నాయో లేదో చూడాలి. పావు అంగుళం తేడా ఉన్న ఫ్లాట్ ఒంటరిగా బాగానే కనిపిస్తుంది. అలాంటివి ఆరు పక్కపక్కన నిలబెడితే సందుల్లోంచి వెనక లైటు గీతలుగా కనిపిస్తుంది.

గుడ్డ బిగించేటప్పుడు డప్పులా లాగి కొట్టాలన్న ఆత్రం ఉంటుంది. అదే పొరపాటు. కొత్త నూలు గుడ్డ తడి తగిలితే కుంచించుకుపోతుంది. ముందే బిగుతుగా ఉంటే నిలువు కర్రలను లోపలికి లాగి ఫ్లాట్ నడుము సన్నబడుతుంది. మధ్యలో చేత్తో నొక్కితే వెనక నేలను తాకేంత వదులు ఉంచి, లోపలి అంచు వెంట పిన్నులు కొట్టి, అంచులు జిగురుతో అతికించి, ఆరాక 1 పాలు తెల్ల జిగురుకు 8 నుంచి 10 పాళ్ల నీళ్లు కలిపి బ్రష్‌తో పూయాలి. ఆరేసరికి గుడ్డ తనంత తానే బిగుసుకుంటుంది.

ఫ్లాట్లను కలపడానికి తీసేయగల పిన్ను ఉన్న బందులు, లేదా వెనక చట్రాలను పట్టే బోల్టులు వాడాలి. ఒకే గోడగా కనిపించాల్సిన రెండు ఫ్లాట్ల అతుకు మీద 5 అంగుళాల వెడల్పు గుడ్డ పట్టీని అంచులు పోగులు తీసి, జిగురు కలిపిన రంగుతో అతికిస్తే గీత మాయమవుతుంది. పట్టీని రంగు వేయడానికి ముందే అతికించాలి. తరవాత అతికిస్తే ఎంత జాగ్రత్తపడినా ఆ చోటు రంగు వేరుగా కనిపిస్తుంది.

నిలబెట్టడానికి ఊతకర్రలు. ఊత ఫ్లాట్ ఎత్తులో మూడింట రెండు వంతుల దగ్గర పట్టాలి. కాలు గోడకు మరీ దగ్గరగా పెడితే ఊత ఉన్నా గోడ ఊగుతుంది. నేలలో స్క్రూ దింపడానికి అనుమతి లేని హాళ్లలో త్రికోణపు చెక్క ఊత చేసి, దాని కింది కర్ర మీద 15 నుంచి 20 కిలోల ఇసుక సంచులు పెట్టాలి. మూలలున్న గోడ తనను తాను కొంత నిలబెట్టుకుంటుంది. నేరుగా పోయే పొడవాటి గోడకు ఊతలు ఎక్కువ కావాలి. అందుకే డిజైన్‌లోనే గోడకు ఒక చిన్న విరుపు ఇస్తే వడ్రంగికి సగం పని తప్పుతుంది, కంటికి కూడా బాగుంటుంది.

తలుపు వేస్తే గోడ ఊగడానికి కారణం దాదాపు ఎప్పుడూ ఒకటే: ద్వారబంధాన్ని ఫ్లాట్‌కు మాత్రమే బిగించడం. తలుపు దెబ్బ మొత్తం గుడ్డ చట్రంలోకి పోతుంది. ద్వారబంధాన్ని విడిగా, మందమైన కర్రతో చేసి, దాని రెండు నిలువులకూ సొంత ఊతలు వేసి నేలకు పట్టించాలి. ఫ్లాట్ దాని చుట్టూ ఆనుకుని ఉంటే చాలు. తలుపు కోసం కింది అడ్డకర్రను కోసిన ఫ్లాట్ బలహీనపడుతుంది కాబట్టి ఆ చోట నేల వెంట ఇనుప పట్టీ వేయాలి. రెక్క చుట్టూ 3 మిల్లీమీటర్ల సందు, కింద అంతకు రెట్టింపు వదలాలి. వర్క్‌షాపులో చక్కగా మూసుకున్న తలుపు హాలులో పట్టేస్తే రెక్కను చిత్రిక పట్టకూడదు. అక్కడి నేల ఎగుడుదిగుడుగా ఉండి చట్రం వంగి ఉంటుంది. ద్వారబంధం కింద సన్నని చెక్కమేకు దోపి నిట్టనిలువు చేస్తే తలుపు మళ్లీ కదులుతుంది.

మనుషులు ఎక్కేవి, తల మీద వేలాడేవి

ఫ్లాట్ తప్పు చేస్తే అసహ్యంగా ఉంటుంది. ప్లాట్‌ఫాం తప్పు చేస్తే కాలు విరుగుతుంది. 4×8 అడుగుల ప్లాట్‌ఫాంకు 18 మిల్లీమీటర్ల ప్లైవుడ్, కింద 2×4 అంగుళాల కర్ర నిలబెట్టి చట్రం, లోపల ప్రతి 2 అడుగులకూ అడ్డకర్ర. మొత్తం బరువు 50 కిలోల దగ్గర ఉంటుంది, ఇద్దరు మోయగలరు. జనం గుమిగూడే వేదికలకు ఇంజనీర్లు సాధారణంగా తీసుకునే లెక్క చదరపు మీటరుకు 500 కిలోల దగ్గర ఉంటుంది. అందరూ కలిసి గెంతే నృత్యముంటే ఇంజనీరును అడగకుండా ముందుకు పోకూడదు.

కాళ్లను చట్రం పక్కన పెట్టి బోల్టులు బిగించి వదిలేస్తే బరువంతా బోల్టుల మీదే ఉంటుంది. చట్రం నేరుగా కాలు కొస మీద కూర్చునేలా, బోల్టులు పక్కకు జారకుండా మాత్రమే పట్టుకునేలా చేయాలి. ఒక్కో కాలికి 10 మిల్లీమీటర్ల బోల్టులు రెండు, వెనక వాషర్. ఒకటే బోల్టు అయితే కాలు దాని చుట్టూ తిరుగుతుంది. ఎత్తు అడుగున్నర దాటితే రెండు దిక్కులా ఏటవాలు కర్రలు కావాలి. ముందు వెనకలకు వేసి పక్కలకు మరిచిపోవడం తరచుగా జరిగేదే, అప్పుడు ప్లాట్‌ఫాం పక్కకు ఊగుతుంది. చట్రానికీ ప్లైవుడ్‌కూ మధ్య, ప్లాట్‌ఫాంకూ ప్లాట్‌ఫాంకూ మధ్య మెత్తని ఫెల్టు పట్టీ వేసి, పైన పాత కార్పెట్ పరిచి దాని మీద రంగు వేసిన గుడ్డ బిగిస్తే అడుగుల చప్పుడు తగ్గుతుంది. ఆ చప్పుడు రిహార్సల్‌లో చిన్నదనిపిస్తుంది, నిశ్శబ్దంగా సాగాల్సిన సన్నివేశంలో మాటలను మింగేస్తుంది.

మెట్లకు ఒక లెక్క ఉంది: మెట్టు ఎత్తుకు రెట్టింపు, అడుగు పెట్టే చోటి లోతు కలిపితే 24, 25 అంగుళాలు రావాలి. 3 అడుగుల ప్లాట్‌ఫాంకు 6 అంగుళాల చొప్పున ఆరు ఎక్కుళ్లు. ఆఖరి ఎక్కుడు ప్లాట్‌ఫాం మీదికే కాబట్టి చేయాల్సిన మెట్లు ఐదు. ఒక్కోటి 12 అంగుళాల లోతుంటే మెట్లు నేల మీద 5 అడుగులు ఆక్రమిస్తాయి. ఈ 5 అడుగులు ప్లాన్‌లో గీయకుండా ‘ఇక్కడ మెట్లు’ అని రాసి వదిలేసిన సెట్లలో చివరికి నిచ్చెనలాంటి మెట్లు వస్తాయి. అన్ని ఎక్కుళ్లూ సమానంగా ఉండాలన్నది మరీ ముఖ్యం. ఒక్క మెట్టు ముప్పావు అంగుళం తేడా ఉన్నా కాలు అక్కడే తడబడుతుంది, ఎందుకంటే రెండు మెట్లు ఎక్కగానే శరీరం ఆ ఎత్తును గుర్తుపెట్టేసుకుంటుంది. ప్లైవుడ్ పరిచాక, కార్పెట్ వేశాక పెరిగే మందాన్ని లెక్కలో కలపకపోవడమే ఈ తేడాకు మూలం. ప్రేక్షకుడికి కనిపించని దిగే మెట్లకు కూడా చేతికర్ర ఉండాలి, అంచులకు చీకట్లో మెరిసే టేపు ఉండాలి. వెలుతురు నుంచి చీకట్లోకి వచ్చిన నటుడికి కొన్ని క్షణాలు ఏమీ కనిపించదు.

వాలు నేల వేస్తే 12 అడుగులకు 1 అడుగుకన్నా నిటారు చేయకపోవడం మంచిది. నడుముల మీదా మోకాళ్ల మీదా భారం పడుతుంది. పైగా సామాన్లన్నిటి వెనక కాళ్లు కోయాలి. ముందు వెనక కాళ్ల మధ్య 18 అంగుళాలున్న కుర్చీకి ఆ వాలులో తేడా అంగుళంన్నర.

చక్రాల మీద కదిలే ప్లాట్‌ఫాంలో జరిగే పొరపాటు వేరు. దిక్కు మార్చుకునే చక్రాలు వెనక్కి తోసినప్పుడు ముందు సగం చుట్టు తిరుగుతాయి. ఆ తిరగడంలో ప్లాట్‌ఫాం ఒక్క కుదుపు కుదిపి పక్కకు జరుగుతుంది, బల్ల మీది గ్లాసు ఒరిగిపోతుంది. ముందుకూ వెనక్కూ మాత్రమే పోవాల్సిన వాటికి స్థిరమైన చక్రాలే వేయాలి. ఆగాక కదలకుండా ఉండటానికి చక్రపు బ్రేకును నమ్మకూడదు; నేలలోకి దిగే గడియ లేదా అంచు కింద దోపే చెక్కమేకు కావాలి.

పైనుంచి వేలాడదీసేది ఏదైనా సరే, శిక్షణ ఉన్నవాళ్లే కట్టాలి. ఫ్లాట్‌ను వేలాడదీసేటప్పుడు పై అడ్డకర్రకు స్క్రూ కొట్టి తాడు కట్టడం ప్రాణాంతకం. కింది అడ్డకర్రను కింద నుంచి పట్టుకునే ఇనుప పట్టీలకు తీగ కట్టి, పైన మరో పట్టీలోంచి పోనిస్తే ఫ్లాట్ తన బరువు మీద తాను కూర్చుంటుంది, అతుకులు విడిపోవు. పట్టీలకు ఆరపార బోల్టులే. ఉక్కు తీగకు క్లిప్పులు బిగించేటప్పుడు యూ ఆకారపు కడ్డీ మడిచిన పొట్టి కొస మీద, క్లిప్పు అడుగుభాగం బరువు మోసే తీగ మీద ఉండాలి. తిరగేసి బిగిస్తే కడ్డీ మోసే తీగనే నలిపేస్తుంది. ఎదురు బరువులతో నడిచే బార్ల దగ్గర వరుస తప్పకూడదు: ఎక్కించేటప్పుడు బార్‌కు ముందు సెట్ కట్టాకే బరువులు వేయాలి, దించేటప్పుడు బరువులు తీశాకే సెట్ విప్పాలి. ఈ వరుస తప్పితే బరువుల వైపే భారం ఎక్కువై, బార్ అదుపు తప్పి పైకి దూసుకుపోతుంది.

రంగు, వెలుతురు, నిప్పు

19వ శతాబ్దం చివర స్విట్జర్లాండ్ రంగస్థల డిజైనర్ అడాల్ఫ్ ఆపియా లేవనెత్తిన అభ్యంతరం ఇప్పటికీ పెయింటర్ ముందు నిలిచే ఉంది: చదునైన గుడ్డ మీద వేసిన నీడ ఒక వైపుకు, అసలు లైటు వల్ల నటుడికి పడే నీడ ఇంకో వైపుకు ఉంటే రెండూ ఒకదాన్నొకటి అబద్ధమని చాటుతాయి. ఇటుకలో, చెక్క పలకలో వేసేముందు లైటు ప్రధానంగా ఎటునుంచి వస్తుందో అడిగి తెలుసుకోవాలి. ఎడమ పైనుంచి వస్తే ప్రతి ఇటుకకూ పై, ఎడమ అంచుల్లో వెలుగు గీత, కింద, కుడి అంచుల్లో నీడ గీత. గది మొత్తం ఇదే పాటించాలి.

మెరుపు లేని రంగులే వాడాలి. అస్తరు, మూల రంగు వేశాక ఒకే రంగుతో గోడను వదిలేస్తే లైట్ల కింద అది అట్టలా కనిపిస్తుంది. మూల రంగుకన్నా కొంచెం ముదురు, కొంచెం లేత రంగులను బ్రష్ విదిలించి సన్నని చుక్కలుగా చల్లితే గోడకు లోతు వస్తుంది. పైభాగంలో, మూలల్లో ముదురు చుక్కలు ఎక్కువ చల్లితే కన్ను తనంత తానే నటుల ముఖాల ఎత్తుకు దిగుతుంది. తెల్లటి తెలుపు ఎక్కడా వద్దు. గోడైనా, టేబుల్ గుడ్డయినా, పుస్తకం పేజీ అయినా లేత గోధుమ రంగులోకో బూడిదలోకో దించాలి. లేకపోతే వేదిక మీద అన్నిటికన్నా వెలిగేది అదే అవుతుంది, నటుడి ముఖం చీకటిగా కనిపిస్తుంది. రంగు నమూనాలను రెండడుగుల పలకల మీద వేసి, ఆ నాటకంలో వాడే లైట్ల కిందే చూడాలి. కాషాయపు వెలుతురు నీలాన్నీ ఆకుపచ్చనీ చంపేస్తుంది. మొదట చెప్పిన నీలం గోడ బూడిదైపోవడానికి కారణం పగటి వెలుతురులో రంగు ఎంచుకోవడమే.

గుడ్డ ఫ్లాట్ల వెనక ముదురు రంగు ఒక పూత వేయాలి. లేకపోతే వెనక లైటు వెలిగినప్పుడు గోడ మెరిసి, చట్రం కర్రలన్నీ నీడలుగా ముందుకు కనిపిస్తాయి. కిటికీలకు అద్దం పెట్టకూడదు; హాలు మొత్తం అందులో ప్రతిఫలిస్తుంది. ఖాళీగా వదిలేసినా ఎవరూ గమనించరు, కావాలంటే సన్నని నల్ల వల బిగించవచ్చు.

1903 డిసెంబరు 30న షికాగోలోని ఇరోక్వాయ్ థియేటర్‌లో ఆర్క్ దీపం నుంచి తెర గుడ్డకు నిప్పంటుకుంది. మంటలను ఆపాల్సిన రక్షణ తెర మధ్యలోనే ఇరుక్కుపోయింది, బయటికి పోయే దారులు చాలావరకు తెరుచుకోలేదు. సుమారు 600 మంది చనిపోయారు. సెట్‌లో గుడ్డ, సన్నని చెక్క, వేడెక్కే దీపాలు ఇప్పటికీ పక్కపక్కనే ఉంటాయి. నూలు గుడ్డకు చాలాకాలంగా వాడుకలో ఉన్న మిశ్రమం బరువు లెక్కన బోరాక్స్ 7 పాళ్లు, బోరిక్ యాసిడ్ 3 పాళ్లు, నీళ్లు 100 పాళ్లు. గుడ్డ పూర్తిగా తడిసేలా ముంచి లేదా పిచికారీ చేసి ఆరబెట్టాలి. చేతి తొడుగులు వేసుకోవాలి. ఇది నీటిలో కరిగేదే కాబట్టి ఉతికినా, తడిసినా మళ్లీ పూయాలి. పాలియెస్టర్ గుడ్డల మీద పనిచేయదు. పూసిన ప్రతి గుడ్డ నుంచీ చిన్న పట్టీ కత్తిరించి, హాలు బయట మంట చూపించి తీసేయాలి: మంట అక్కడే ఆరిపోవాలి, పైకి పాకకూడదు. రంగుల, తెరల అందం గురించి ఎంత మాట్లాడినా ఈ పట్టీ పరీక్ష జరగని సెట్‌లోకి ప్రేక్షకులను రానివ్వకూడదు. అత్యవసర ద్వారాల దారిలో ఒక్క ఫ్లాట్ కూడా ఆనించి ఉండకూడదు.

ఇల్లు ఇల్లులా కనిపించాలంటే

గోడలు లేచి, రంగు ఆరిన సెట్ ఇంకా ఎవరి ఇల్లూ కాదు. అలంకరణ అక్కడ మొదలవుతుంది. నటులు చేతిలోకి తీసుకునే వస్తువులు వేరు, చుట్టూ ఉండేవి వేరు. మొదటివాటికి బలం, రెండోవాటికి స్వభావం చూడాలి. ఈ ఇంటి మనిషి సంపాదన ఎంత, దేన్ని దాచుకుంటాడు, దేన్ని పారేయలేడు, ఎడమచేతివాటమా: ఈ ప్రశ్నలకు జవాబు రాసుకున్నాకే వస్తువులు సేకరించాలి. లేకపోతే సామాన్ల కొట్టులా అన్నీ ఉంటాయి, ఎవరూ ఉండరు.

అరుగుదలను సరైన చోట వేయడం ఈ పనిలో అత్యంత నేర్పుగల భాగం. అంతటా ఒకేలా మురికి పులిమితే అది మురికి రంగులాగే కనిపిస్తుంది. మనుషుల చేతులు తాకే చోటే మాస్తుంది: స్విచ్చు చుట్టూ, గడియ దగ్గర, మెట్ల చేతికర్ర మొదట్లో, కుర్చీ వీపు పై అంచున. నేల మీద తలుపు నుంచి వంటగది దాకా నడిచే దారి మధ్యలో అరిగి, అంచుల్లో ముదురుగా ఉంటుంది. గోడ మీద ఫొటో తీసేసిన చోట చుట్టూ వెలిసి, మధ్యలో అసలు రంగు మిగులుతుంది. ఇలాంటి ఒక్క చతురస్రం ఇరవై వస్తువుల పని చేస్తుంది.

వస్తువులు కదలకుండా ఉండటం కూడా అలంకరణే. పటాన్ని ఒక మేకుకు కాకుండా రెండు చోట్ల బిగించాలి, అద్దాన్ని కొంచెం కిందికి వంచి దాని మీద సబ్బు పూసి మెరుపు చంపాలి. ఎత్తయిన అలమారలోని పుస్తకాలను కలిపి అతికించి, లోపలి పేజీలు తీసేస్తే బరువు తగ్గుతుంది. నటుడు తీయాల్సిన ఒక్క పుస్తకం మాత్రం విడిగా, ఎప్పుడూ ఒకే చోట ఉండాలి. మెత్తటి సోఫా వేదిక మీద శత్రువు. కూర్చున్నవాళ్లు లోపలికి దిగబడి, లేచేటప్పుడు తంటాలు పడతారు. దిండు కింద ప్లైవుడ్ పలక పెట్టి, కాళ్లకు రెండు మూడంగుళాల దిమ్మెలు వేస్తే కూర్చోవడం, లేవడం రెండూ నటుడి అదుపులోకి వస్తాయి. సెట్‌లో నిజంగా వెలిగే దీపాలకు తక్కువ వెలుతురు బల్బులే వాడి, వైరును లైటింగ్ బోర్డుకు కలపాలి. లేకపోతే మొత్తం చీకటైన క్షణంలో అదొక్కటే వెలుగుతూ నిలుస్తుంది.

అలంకరణ పూర్తయ్యాక హాలులో నాలుగు మూలలా కూర్చుని చూసి, సగం వస్తువులు కనిపించడం లేదని తెలుసుకోవడం మామూలే. కనిపించనివాటిని తీసేయడానికి సంకోచించకూడదు. మిగిలినవాటికి ప్రతి రంగం మొదట్లో ఏది ఎక్కడ ఉండాలో ఫొటోలు తీసి, పట్టిక రాసి, ప్రతి ప్రదర్శనకు ముందు ఒకే మనిషి దాన్ని చదువుతూ సరిచూడాలి. వింగ్‌లో నటుల చేతి వస్తువులు (ప్రాప్స్) పెట్టే బల్ల మీద టేపుతో గళ్లు గీసి, ప్రతి గడిలో వస్తువు పేరు రాస్తే, ఖాళీగా ఉన్న గడి తెర లేవకముందే కంటబడుతుంది.

విప్పే రోజు గురించి కట్టే రోజే ఆలోచించాలి. విడదీయాల్సిన చోట స్క్రూ, బోల్టు. ఎప్పటికీ ఒకటిగా ఉండాల్సిన చోట మాత్రమే జిగురు. ప్రతి ఫ్లాట్ వెనక రంగం, గోడ, వరుస సంఖ్య, పై దిక్కు బాణం గుర్తు రాసి, పక్క ఫ్లాట్‌తో కలిసే అంచున రెండింటిమీదా ఒకే అక్షరం వేస్తే రెండో హాలులో నిలబెట్టే సమయం బాగా తగ్గుతుంది. విప్పాక బోల్టులను వాటి రంధ్రాల్లోనే నట్టుతో బిగించి ఉంచాలి. బండిలోకి చివరగా కావాల్సినవి ముందు, ముందుగా కావాల్సినవి చివర ఎక్కించాలి: కొత్త హాలులో దిగగానే మొదట అవసరమయ్యేది నేల గుడ్డ, ప్లాట్‌ఫాంలు, ఊతలు, ఇసుక సంచులు.